నాలుగు గళ్లు సరే, వరుస ఏది?

సంపాదకులకు,

రోజువారీ పనులను తొందరవి, ముఖ్యమైనవి అంటూ నాలుగు గళ్లలో వేసుకోమన్న మీ ఆదివారం వ్యాసం బాగుంది. ఆ రెండూ ఒకటి కావన్న మాట అప్పటి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954 నాటి ప్రసంగంలో ఉంది; గళ్లు మాత్రం తర్వాతివాళ్లు గీసినవి. చిక్కల్లా, ఒకే గడిలో ఆరు పనులు పడితే ముందు ఏది పట్టుకోవాలో అవి చెప్పవు.

దానికి ఫ్యాక్టరీల్లో వాడే లెక్క ఒకటుంది. 1956లో వేన్ స్మిత్ నిరూపించినది. పని ఆలస్యమైతే ఎంత నష్టమో 1 నుంచి 10 లోపు అంకె వేసి, దాన్ని పనికి పట్టే నిమిషాలతో భాగించాలి. ఎక్కువ వచ్చినది ముందు. ట్యాంకు కారుతోందని ప్లంబర్‌కు ఫోన్: నష్టం 6, పట్టేది 10 నిమిషాలు, అంటే 0.6. ఆఫీసు రిపోర్టు: 9, 90 నిమిషాలు, 0.1. అల్మరా సర్దడం: 1, 120 నిమిషాలు, 0.01 కూడా రాదు. 9 అంకె చూసి రిపోర్టుకు కూర్చుంటే గంటన్నర నీళ్లు పోతూనే ఉంటాయి. ఫోన్ ముందు చేస్తే రిపోర్టు ఆగేది పది నిమిషాలే.

అయితే ఇది రోజురోజుకూ నష్టం పెరిగే పనులకే పనికొస్తుంది. కరెంటు బిల్లు, పరీక్ష ఫీజు అలా కాదు: గడువు దాకా సున్నా, మర్నాడు జరిమానా. వాటిని గడువు తేదీల వరుసలో కట్టేయడమే మేలు.

మన చేతిలో కాసేపు, ఇంకొకరి చేతిలో రోజుల తరబడి ఉండే పనులు అన్నిటికన్నా ముందు కదలాలి. కౌన్సెలింగ్‌కు కావలసిన ఆదాయ ధ్రువపత్రం అలాంటిది. మినప్పప్పు నానబోయడానికి రెండు నిమిషాలు చాలు, కానీ అది నానాల్సిన నాలుగు గంటలను ఎవరూ తగ్గించలేరు.

లెక్క తప్పేది ఎక్కువగా నిమిషాల దగ్గరే. పనికి పట్టే సమయాన్ని మనుషులు తక్కువగా ఊహిస్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. అందుకే ఊహించకుండా, కిందటిసారి నిజంగా ఎంతసేపు పట్టిందో అదే వేసుకోవాలి. ఇంకో తప్పు, అన్నిటికీ 8, 9 వేసేయడం. అప్పుడు మిగిలేది చిన్న పనుల వరుసే. 10 అనే అంకె రోజుకు ఒక్క పనికే అని కట్టడి పెట్టుకోవచ్చు.

ఈసారి ఆ పట్టిక అచ్చు వేసినప్పుడు పక్కన నిమిషాలకూ ఒక గడి వేయగలరు.

— ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు, కాకినాడ