కిటికీలు ఎందుకు లేటయ్యాయంటే

స్లైడింగ్ కిటికీలు, దోమల మెష్ తలుపులు ఆర్డరిచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకు ఈ సంగతి నేనే చెప్పాలి. మీ పనులు వెనకపడ్డాయి. అందుకు కారణం ఒక పడవ. "కడపలో పడవేంది సామీ, బుగ్గవంకలో తిప్పుతాడా?" అని కొందరు నవ్వుకున్నారంట. నవ్వుకోండి, తప్పులేదు. "పడవ పిచ్చిలో పడి మన పని మూలకేశాడు" అన్నారు చూడండి, అదే గుచ్చుకుంది.

కువైట్‌లో పనిచేసి వచ్చిన మన పాత కస్టమర్ ఒకాయన నెల్లూరు వైపు సముద్రంలో తిప్పుకోడానికి చిన్న పడవ కట్టించుకుంటున్నాడు. తెరచాప చైనా పద్ధతిది, జంక్ రిగ్ అంటారు. విసనకర్రకు పుల్లలున్నట్టు ఆ తెరచాపకు అడ్డంగా బాటెన్లు అనే పొడవాటి దండాలుంటాయి, ఈ పడవకు అవి అల్యూమినియం పైపులు. గాలి ఎక్కువైతే తాడు వదులు చేస్తే చాలు, మడతలుగా కిందికి దిగుతుంది. 1960లో అట్లాంటిక్ మీద ఒంటరిగా నడిపే పడవల పందెంలో హాస్లర్ అనే ఇంగ్లీషాయన ఇలాంటి తెరచాపతోనే రెండో స్థానంలో వచ్చాడు. మన కువైట్ అన్న ఇంటి కిటికీలన్నీ నేను చేసినవే. అందుకే బాటెన్ల పని కూడా నాకే ఇచ్చాడు.

పన్నెండడుగుల బాటెన్‌కు ఏ సైజు పైపు వేయాలనేదే నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఆయన 38 మిల్లీమీటర్ల పైపు, 3 మిల్లీల మందం కావాలన్నాడు. చేతిలో పట్టుకుంటే గట్టిగానే అనిపిస్తుంది మరి. నేను 50 మిల్లీల పైపు, 2 మిల్లీల మందం చాలన్నాను. లెక్క చూడండి. 38ది మీటరుకు దాదాపు 890 గ్రాములు, 50ది 815. తేలికైనదే వంగకుండా నిలవడంలో 1.7 రెట్లు గట్టి. పైపుకు బలం గోడ మందంలో కంటే వెడల్పులో ఎక్కువ. అల్యూమినియం కిలోల లెక్కన అమ్మే సరుకు కాబట్టి మందంది అమ్మితే నాకే నాలుగు రూపాయలు మిగిలేవి. ఆ సంగతి ఎవరూ అనరు.

పల్చటి గోడకు ఒక ఇబ్బంది ఉంది. గాలికి బాటెన్ వచ్చి తెరచాప స్తంభానికి తగులుతూ ఉంటే సొట్ట పడుతుంది, అరుగుతుంది. సొట్ట పడినచోటే విరుగుతుంది కూడా. అందుకని బోరు మోటారుకు దించే నల్ల పైపును నిలువునా చీల్చి, స్తంభానికి ఆనే చోట తొడుగులా వేసి నైలాన్ తాడుతో బిగించాను. అక్కడ డ్రిల్లు పెట్టలేదు. ఎక్కువ భారం పడే చోట బొక్క పెడితే మనమే విరగ్గొట్టినట్టు. వెల్డింగ్ కూడా ఎక్కడా లేదు, వేడి తగిలిన చోట ఈ రకం అల్యూమినియం మెత్తబడుతుంది. తెరచాప మొత్తాన్ని మోసే పై దండానికి ఇంకా పెద్ద పైపు వేశాం.

అసలు గొడవ సరుకుతో వచ్చింది. నేను అడిగింది 6061-టీ6, అంటే గట్టి రకం అల్యూమినియం. కాగితం మీద అదే రాసి పంపారు. హాక్సా బ్లేడు పెడితే రోజూ కోసే కిటికీ సెక్షన్‌లా, అంటే ఫ్రేముకు వాడే అల్యూమినియం కడ్డీలా, మెత్తగా తెగింది. అనుమానమొచ్చి రెండు స్టాండ్ల మీద పైపు పెట్టి, నడుమ రెండు సిమెంటు బస్తాలు వేలాడదీశాను. బస్తాలు దించినా వంకర అట్లే ఉండిపోయింది. చేత్తో ఊపి చూస్తే ఈ తేడా దొరకదు, తక్కువ బరువుకు రెండు రకాలూ ఒకేలా వంగుతాయి. బరువు పెరిగాకే బండారం బయటపడుతుంది. 6061-టీ6 సుమారు 275 మెగాపాస్కల్ (లోహం మీద పడే ఒత్తిడిని కొలిచే లెక్క) దాకా ఓర్చుకుని మళ్లీ తిన్నగా లేస్తుంది. కిటికీలకు వాడే 6063-టీ5 అయితే 145 దగ్గరే లొంగిపోతుంది.

ఫోన్ చేస్తే సప్లయర్ ఏమన్నాడో తెలుసా? "ఎవరికి తెలుస్తుంది అన్నా, పడవకే కదా!" సముద్రం నడుమ బాటెన్ విరిగితే ఆ పడవలో ఉండేది నన్ను నమ్మినాయన. పైపులన్నీ తిప్పి పంపాను. అవి మార్చేదాకా బాకీ కట్టనన్నాను. వాడు మీ కిటికీ సెక్షన్లు ఆపేశాడు. కాళ్లబేరానికి వస్తానని చూశాడు, నేను పోలేదు. ఇకమీదట పోను కూడా.

వేరే డీలరు దగ్గర అసలైన పైపులు దొరికాయి. అవే బస్తాలు వేలాడదీస్తే అరడుగు లోపే దిగి, విప్పగానే తిన్నగా లేచాయి. మీ సెక్షన్లు కూడా ఆయన దగ్గరినుంచే వస్తున్నాయి. ఇది చదివి "మాకూ 6061 వేయి" అని అడగొద్దు. కిటికీకి 6063 సరైనదే. సన్నటి గాడీలు శుభ్రంగా వస్తాయి, పౌడర్ కోటింగ్ నున్నగా కూర్చుంటుంది, మీ కిటికీకి ఎవరూ బస్తాలు కట్టరు. సగం బిగించిన ఇళ్లకు రంగు తేడా రాకుండా పాత ముక్క పట్టుకెళ్లి కలిపి చూసే తెస్తున్నాను.

ఎర్రముక్కపల్లె ఇళ్లవి ముందు బిగిస్తాం, ఆ తర్వాత మిగతావాళ్లవి ఆర్డరు వరసలోనే. ఆగలేమన్నవాళ్లు షాపుకొచ్చి అడ్వాన్సు తీసుకెళ్లొచ్చు, ఒక్క మాటా అనను. పాత రేటే, పెంచలేదు.