రెండు ఎత్తుల్లో ఆటకట్టు సరే, ఓడిన ఆట సంగతి?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వచ్చే చదరంగం పజిల్‌ను మా వీధి పిల్లలు కత్తిరించి దాచుకుంటారు. ‘తెల్లపావుల ఎత్తు, రెండు ఎత్తుల్లో ఆటకట్టు’. బాగానే ఉంటుంది. కానీ ఇప్పుడు ఆడేవాళ్లలో ఎక్కువమంది ఫోన్లలో ఆడుతున్నారు. వాళ్లు సాయంత్రం మా అరుగు మీదికొచ్చి అడిగేది వేరే: “సార్, ఎంత ఆడినా రేటింగ్ అక్కడే ఉంది, ఏం చేయమంటారు?”

రేటింగ్ అంటే గెలుపోటముల్ని బట్టి ఆటగాడి స్థాయి చెప్పే అంకె. ఈ ప్రశ్న మీద పెద్ద వ్యాపారమే నడుస్తోంది. ‘కేవలం మీ కోసం తయారుచేసిన శిక్షణ’ అన్న ప్రకటన చూసి మా వీధిలో ఇద్దరు ఒకే చోట డబ్బు కట్టారు. ఒకరు ల్యాబ్‌లో రాత్రి డ్యూటీ చేసే కుర్రాడు, ఇంకొకరు ఎనిమిదో తరగతి అమ్మాయి. ఇద్దరికీ వచ్చిన పీడీఎఫ్‌లు పక్కపక్కన పెట్టి చూశాను. పైన పేరు తప్ప అక్షరం తేడా లేదు. రోజుకు యాభై పజిళ్లు, ఆట మొదలుపెట్టే పద్ధతుల్లో (ఓపెనింగుల్లో) ఒకటైన సిసీలియన్ నైడార్ఫ్ పదిహేను ఎత్తుల దాకా బట్టీ. ఎనిమిదో తరగతి పిల్లకు నైడార్ఫ్ ఎందుకండీ! ఆమెతో ఆడేవాళ్లు ఐదో ఎత్తుకే పుస్తకంలో లేని ఎత్తులు వేస్తారు.

ఓడిన ఆటలు తెమ్మన్నాను. ఇద్దరూ ఆడేది లైచెస్ అనే చదరంగం వెబ్‌సైటులో. అది విరాళాలతో నడిచేది, ప్రకటనలుండవు, ఆట విశ్లేషణకు పైసా కట్టనక్కర్లేదు. ఒక్క షరతు పెట్టాను: కంప్యూటర్ విశ్లేషణ నొక్కే ముందు, ఎక్కడ చెడిందో నోట్‌బుక్కులో ఒక్క లైను సొంతంగా రాయాలి. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని. పుస్తకం వెనక జవాబు చూసి లెక్క వచ్చేసిందనుకునే పిల్లల్ని చాలామందిని చూశాను. ఇంజన్, అంటే ఆ విశ్లేషణ చేసే కంప్యూటర్ ప్రోగ్రాం, చూపించే ఎత్తు కూడా అలాంటి జవాబే. గుకేశ్‌కు చిన్నప్పుడు శిక్షణ ఇచ్చిన విష్ణు ప్రసన్న చాలాకాలం ఆ అబ్బాయిని ఇంజన్ జోలికి పోనివ్వలేదు. ఆ పిల్లవాడు 2024 డిసెంబరులో ప్రపంచ విజేత అయ్యాడు.

కుర్రాడి నోట్‌బుక్కు ముందు చూద్దాం. ఓపెనింగ్‌లో ఓడిన ఆట దాదాపు లేదు. ఒక బంటు ఎక్కువ ఉండి కూడా చివర్లో డ్రా చేసుకున్నవి, టైం అయిపోయి ఓడినవి, ఇవే అన్నీ. ఒక ఆట బోర్డు మీద పెట్టించాను. ఇతనికి రాజు, ఒక బంటు. అవతల ఒంటరి రాజు. ఇతను బంటును గబగబా ముందుకు తోశాడు, రాజేమో వెనక పడింది. అవతలి రాజు వచ్చి బంటుకు అడ్డంగా కూర్చుంది, ఆట డ్రా. అదే తన రాజును ముందు నడిపి, తన వైపు నుంచి ఆరో వరుసలో, తన బంటుకు సరిగ్గా ముందు నిలబెట్టి ఉంటే, ఎత్తు ఎవరిదైనా గెలుపే. బోర్డు అంచున ఉండే బంటుకు మాత్రం ఈ సూత్రం పనిచేయదు. “ఇదింతేనా సార్!” అన్నాడు. ఇంతే. నైడార్ఫ్‌కు పెట్టిన వారం దీనికి పెట్టి ఉంటే సరిపోయేది.

రెండోది గడియారం. “ఏమప్పా, ఎప్పుడాడతాండావు?” అని అడిగితే, “శాంపిల్‌కూ శాంపిల్‌కూ మధ్య సార్, మూడు నిమిషాల ఆట” అన్నాడు. డ్యూటీలో మానేసి, సెలవు రోజు కూర్చుని ఒక్కొక్కరికి పదిహేను నిమిషాల ఆట, ఎత్తుకు పది సెకన్లు కలిసేది, ఒక్కటి ఆడమన్నాను. మన కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ గెలిచిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్‌కు ఆడేది సరిగ్గా ఆ గడియారం మీదే. ఎత్తుకు పది సెకన్లు వచ్చిపడుతుంటే ఆట చివరి ఘట్టంలో చేయి వణకదు.

అమ్మాయి సంగతి పూర్తిగా వేరు. ఆట చివరి ఘట్టం దాకా పోతే కదా! తన దాడి తాను చూసుకుంటూ పోయి గుర్రాన్నో ఏనుగునో ఊరికే ఇచ్చేస్తుంది. ఆమెకు రోజుకు యాభై పజిళ్లు అక్కర్లేదు, ఒకటి రెండు ఎత్తుల చిన్నవి పది చాలు, అవీ నిదానంగా. ఎత్తు వేసే ముందు అవతలివాళ్ల చివరి ఎత్తు దేనికోసమో పైకి చెప్పమన్నాను. మొదట్లో సిగ్గుపడింది. ఇప్పుడు వాళ్లమ్మ “ఇంట్లో ఒక్కటే గొణుక్కుంటాంది సార్, ఏం నేర్పించినారు” అంటోంది.

అన్నట్టు, రేటింగ్ అంకెలు పట్టుకుని దిగులు పడేవాళ్లకు ఒక మాట. లైచెస్‌లో కొత్తవాళ్లకు 1500తో మొదలవుతుంది. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే 2024 మార్చిలో తన కనిష్ఠ రేటింగునే 1400కు పెంచింది. ఒకచోటి అంకెను ఇంకోచోటి అంకెతో పోల్చి ఏడవడం దండగ.

ఇక నా కోరిక. ఆదివారం పజిల్ పక్కన, వారం మార్చి వారమైనా సరే, మామూలు పాఠకుడు ఓడిన ఆట ఒకటి వేయండి. ఎత్తులు మొత్తం వద్దు, చెడిన చోటి బోర్డు బొమ్మా, ఆడినవాళ్లు సొంతంగా రాసిన లైనూ, దానికింద తెలిసినవాళ్ల మాట నాలుగు ముక్కలూ చాలు. కదిరిలోనో గుత్తిలోనో కోచ్ దొరకని పిల్లలు తమ ఆటనూ అలా చూసుకోవడం నేర్చుకుంటారు. మొదటి వారానికి ఆటలు మా దగ్గరున్నాయి. అమ్మాయి ఇస్తానంది, పేరు వేయకూడదట. కుర్రాడు మాత్రం ఆ బంటు ఆట తప్ప ఏదైనా ఇస్తానంటున్నాడు.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
అనంతపురం