రక్తదానం ఏడాది పొడవునా సాగాలి

సంపాదకులకు నమస్కారం.

నాయకుల, సినీనటుల పుట్టినరోజున వందలమంది బారులు తీరి రక్తమివ్వడం మన ఊళ్లలో ఆనవాయితీ అయింది. ఫ్లెక్సీల సంగతి ఎలా ఉన్నా, ఆ ఉత్సాహం మెచ్చదగినదే. అయితే ఎర్ర రక్తకణాలు 42 రోజులకు, ప్లేట్‌లెట్లు 5 రోజులకు మించి నిల్వ ఉండవు గనుక, ఒక్కనాడు నిండిన రక్తనిధి వేసవిలో కళాశాలలు మూతపడి శిబిరాలు ఆగిపోగానే వెలవెలబోతుంది. తీవ్రమైన తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తహీనత వ్యాధి) ఉన్న పిల్లలకు మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించక తప్పదు.

ఏడాది పొడవునా రక్తం అందేలా చూడటానికి యువజన సంఘాలు పెద్ద ఖర్చేమీ పెట్టనక్కరలేదు. 18 ఏళ్లు నిండి, కనీసం 45 కిలోల బరువున్న ఆరోగ్యవంతుల పేర్లు, రక్తవర్గాలు ఒక పుస్తకంలో రాసుకొని, పురుషులకు 90 రోజులు, స్త్రీలకు 120 రోజుల విరామం ఉండేలా వంతులు వేసి, నెలనెలా కొద్దిమందిని దగ్గరి రక్తనిధికి పంపితే చాలు. ఏ వర్గం కొరతగా ఉందో ముందుగా ఫోన్ చేసి కనుక్కోవడం ఇంకా మేలు. నీరసం వస్తుందని జంకే ఇంటి పెద్దలకు, తీసేది బరువును బట్టి 350 లేదా 450 మిల్లీలీటర్లేనని ఓపికగా నచ్చజెప్పాలి. రక్తనిధుల అధికారులు సైతం పుట్టినరోజు శిబిరాల నిర్వాహకులతో మాట్లాడి, దాతల్లో సగం మందినైనా ఏప్రిల్, మే నెలలకు కేటాయించమని కోరాలని నా విన్నపం.

ఇట్లు,
ఒక రక్తదాత, ఏలూరు