మన యాస తెలియని కృత్రిమ మేధ

వ్యవసాయ సలహాలకు కృత్రిమ మేధను రైతుల చేతికి ఇస్తున్నవారు, అది మన జిల్లాల మాటను అర్థం చేసుకుంటున్నదో లేదో పరీక్షించడం లేదు. గత నెల నల్లగొండ బత్తాయి మార్కెట్‌లో నా పక్కనున్న పెద్దాయన "తోటల పిందె రాలిపోతున్నది, ఏం మందు కొట్టాలె" అని ఫోన్‌లో అడిగితే, ఆ యాప్ మందు అన్న మాటను పట్టుకొని వైద్యుణ్ణి సంప్రదించమన్నది. ఆయన మనుమడు అదే ప్రశ్నను పుస్తక భాషలో టైపు చేయగా ఈసారి హార్మోన్ మందు పేరు చెప్పింది కానీ, చెట్ల వయసెంత, నీటి తడులు ఎట్లా ఇస్తున్నారు అని ఒక్క మాటైనా అడగలేదు. పిందె రాలడానికి నీటి ఎద్దడి, పోషక లోపం, తెగులు వంటి కారణాలు అనేకం ఉండగా, పీపీఎంలలో (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులని) లెక్కగట్టి వాడవలసిన మందును ఇట్లా చెప్పడం ఏళ్ల తరబడి పెంచిన తోటను పణంగా పెట్టడమే. కేంద్రం 2022లో భారతీయ భాషల అనువాదానికి కృత్రిమ మేధను వాడే భాషిణి వేదికను ప్రారంభించింది. రాష్ట్రం 2024లో హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఏఐ సదస్సు జరిపింది. ఈ ప్రయత్నాల ఫలం చెల్కల దాకా రావాలంటే, నల్లగొండలోని మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయాల విద్యార్థులతో రైతుల మాటలను వారి అనుమతితో రికార్డు చేయించాలి. కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలు సరిచూడనిదే మందుల మోతాదు చెప్పే ఏ యాప్‌నూ రైతు వేదికల్లో ప్రచారం చేయకూడదు.

– ఒక బత్తాయి రైతు, నల్లగొండ