సీఈఓల మొదటి ఉద్యోగాలు కూడా పిల్లలకు తెలియాలి

గౌరవనీయులైన సాంకేతిక విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇరవై ఏళ్లుగా మెకానికల్ ఇంజినీరింగ్ పాఠాలు చెబుతున్నాను. మా డిపార్ట్‌మెంట్ వరండాలో సత్య నాదెళ్ల, సుందర్ పిచాయ్, మేరీ బారా, టిమ్ కుక్ ఫొటోలు వరసగా ఉంటాయి. ఒక్కో ఫొటో కింద చదివిన డిగ్రీ, నడిపిన కంపెనీ పేరు రాసి ఉంటాయి. ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఎంత ఎత్తుకు ఎదిగారో పిల్లలు చూడాలని పెట్టాం. డిగ్రీకీ ఆ కుర్చీకీ మధ్య ఏం జరిగిందో మాత్రం ఒక్క ముక్కా లేదు. నా విన్నపమంతా ఆ మధ్య ఏళ్ల గురించే.

మేరీ బారా 1980లో, పద్దెనిమిదేళ్లకే జనరల్ మోటార్స్‌లో చేరారు. కార్ల ఫెండర్లు (చక్రాల పైనుండే రేకులు), బానెట్లు సరిగ్గా ఉన్నాయో లేదో తనిఖీ చేయడం ఆమె పని. ఆ జీతంతోనే కాలేజీ ఫీజు కట్టుకున్నారు. ఆమె చదివిన జనరల్ మోటార్స్ ఇన్‌స్టిట్యూట్‌లో కొన్నాళ్లు క్లాసు, కొన్నాళ్లు ఫ్యాక్టరీ, మళ్లీ క్లాసు. 1985లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పట్టా వచ్చింది. తర్వాత ప్లాంట్ మేనేజర్‌గా, హెచ్‌ఆర్ అధిపతిగా చేసి, 2014 జనవరిలో సీఈఓ అయ్యారు. అంటే 34 ఏళ్లు! టిమ్ కుక్ కూడా అంతే. 1982లో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, ఐబీఎంలో పన్నెండేళ్లు పనిచేశారు. 1998లో యాపిల్‌కు వచ్చాక గోడౌన్లలో పేరుకుపోయిన సరుకు తగ్గించే పని తలకెత్తుకున్నారు.

అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీని నడిపిన జాక్ వెల్చ్ కథ మా పిల్లలకు తప్పక చెబుతాను. వేలమందిని ఉద్యోగాల్లోంచి తీసేసిన ఆయన పద్ధతి నాకు నచ్చదు, అది వేరే సంగతి. కెమికల్ ఇంజినీరైన ఆయన చూసుకుంటున్న పైలట్ ప్లాంట్ (ప్రయోగాత్మకంగా నడిపే చిన్న ప్లాంట్) 1963లో పేలి, పైకప్పు ఎగిరిపోయింది. ఉద్యోగం పోయిందనుకుంటూ పై అధికారి దగ్గరికి వెళ్లారు. ఆ అధికారి కేకలేయలేదు. ఎందుకు జరిగింది, ఏం నేర్చుకున్నావు అని అడిగారు.

మా ల్యాబుల్లో ఆ ప్రశ్న అడిగేవాళ్లేరీ? మొన్నొక అమ్మాయి పంపు ప్రయోగంలో వచ్చిన రీడింగులు చెరిపేసి, సీనియర్ రికార్డులోవి ఎక్కించుకుంటోంది. ఎందుకమ్మా అంటే, "తక్కువ వచ్చాయి సార్, మార్కులు పోతాయి" అంది. ఇద్దరం కలిసి పంపు విప్పాం. లోపల తిరుగుతూ నీటిని తోసే ఇంపెల్లర్ అరిగిపోయి ఉంది. ఆమె రీడింగులే నిజం, రికార్డులో ఉన్నవి పంపు కొత్తగా ఉన్నప్పటివి. నిజాన్ని చెరిపేస్తేనే మార్కులొచ్చే పద్ధతి మనం పెట్టిందే కదా సార్. పిల్లలను అని ఏం లాభం?

చేతికి గ్రీజు అంటకుండా పట్టా ఇవ్వడమంటే నేల విడిచి సాము చేయించడమే. డిగ్రీ కాలంలో కనీసం నాలుగో వంతు, విడతలుగా, జీతమిచ్చే పనిచోట గడిచేలా నిబంధన తీసుకురండి. డబ్బులిస్తే దొరికే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు లెక్కలోకి రాకూడదు. రీడింగ్ తేడా వస్తే కారణం వెతికినందుకు మార్కులివ్వండి. ఒక వస్తువు తయారీకి ఎంతవుతుందో, లాభనష్టాల పట్టిక ఎలా చదవాలో ప్రతి బ్రాంచి వాళ్లకూ నేర్పించండి.

వరండాలో ఫొటోల కింద రాతలు మేమే మారుస్తున్నాం. మేరీ బారా పేరు కింద ఇప్పుడు "ఫెండర్ల తనిఖీ, 1980" అని ఉంది. సిలబస్ మార్చే అధికారం మాత్రం మీ చేతిలో ఉంది.

ఇట్లు,
ఒక ఇంజినీరింగ్ అధ్యాపకుడు