చిరంజీవి వేణుకు

చిరంజీవి వేణుకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నీ పుస్తకాల బీరువాకు చెదలు పడుతుంటే మీ నాన్నగారు మందు కొట్టించారు. మొన్న సుధ వచ్చింది. నీ స్నేహితుడి పుట్టినరోజు నాడు నువ్వు అర్ధరాత్రి దాకా అందరితో మాట్లాడుతూనే ఉన్నావనీ, తెల్లవారాక ఒక్క ముక్కా గుర్తులేదన్నావనీ మాటల మధ్యలో అంది. నిజమేనా అని నేను అడగడం లేదు.

చలి మొదలవుతోంది, రెండో దుప్పటి బయటికి తీయి.

ఆ రాత్రిది మరపు కాదు నాయనా. అసలు నమోదే కాలేదు. మెదడులో జ్ఞాపకాలను రాసిపెట్టే హిప్పోకాంపస్ అనే భాగంలో నాడీకణాల మీద ఎన్‌ఎండీఏ గ్రాహకాలనే చిన్న ద్వారాలుంటాయి. అవి తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తేనే కణాల మధ్య బంధం గట్టిపడి జ్ఞాపకం నిలుస్తుంది. ఆల్కహాలు వాటిని అణచివేస్తుంది. మరోవైపు కణాన్ని శాంతపరిచే గాబా గ్రాహకాలను ఉసిగొల్పి కణంలోకి క్లోరైడును మరింతగా రప్పిస్తుంది, దాంతో కణం మందగిస్తుంది. మనిషి నవ్వుతూనే ఉంటాడు, లోపల రాసుకునేవాడు మాత్రం ఉండడు. రక్తంలో మోతాదు గబగబా పెరిగితేనే ఈ ముప్పు ఎక్కువ. ఖాళీ కడుపైతే మరీను. నువ్వు రాత్రి భోజనం ఎగ్గొడతావని నాకు తెలియదా? తుమ్ముల మాత్ర వేసుకున్న రోజున అయితే చుక్క కూడా ముట్టకూడదు. రెండూ కలిస్తే మత్తు ముదురుతుంది. పాఠం చెప్పనని మీ నాన్నగారికి మాటిచ్చి మొదలుపెట్టాను, చూడు!

రఘు బాబాయి సంగతి నీకు సగమే తెలుసు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు, నానమ్మ ఏడుపు చూడలేక ఒకనాడు చటుక్కున మానేశాడు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. మర్నాటికి చేతులు వణికాయి. మూడో రాత్రి గోడ నిండా చీమలున్నాయి, చీపురు తెమ్మన్నాడు. మీ నాన్నగారు తెచ్చి ఇచ్చారు కూడా. లేని చీమలను ఊడుస్తూనే నన్ను ‘ఎవరండీ మీరు’ అన్నాడు. తర్వాత డాక్టరుగారు వివరించారు: అన్నేళ్ల అణచివేతకు సర్దుకోవడానికి కణాలు ఎన్‌ఎండీఏ గ్రాహకాలను పెంచుకుంటాయి, గాబా గ్రాహకాలు మునుపటిలా స్పందించవు. మద్యం ఒక్కసారిగా ఆగితే పట్టపగ్గాలుండవు. కణాలు రెచ్చిపోతాయి, కాల్షియం ముంచెత్తుతుంది, ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. అలాంటివాళ్లను వైద్యుల కనుసన్నల్లోనే మాన్పించాలట. గ్లూకోజు కంటే ముందు థయమిన్ సూది వేశారు. ఆ విటమిన్ లేకపోతే నాడీకణం గ్లూకోజు నుంచి శక్తిని సరిగా తీసుకోలేదు.

నువ్వు రఘు బాబాయివని ఎవరన్నారు? నేను అనలేదు. నువ్వు రెండు వారాలుగా ఫోను చేయకపోతే ఏవేవో ఆలోచనలు వస్తాయి, అంతే.

కళ్లద్దాల కాడ బాగుచేయించావా? ఆదివారం తప్పకుండా ఫోను చెయ్యి. ఆ రాత్రి నిన్ను గదికి ఎవరు చేర్చారో సుధకూ తెలియదట. నీకూ తెలియకపోతే ఎవరినైనా అడిగి తెలుసుకుని చెప్పు.

మీ అమ్మ