బోరు నీటిలోని ద్రావకాలపై నల్లగొండ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

మా పొలం పక్కనున్న ఒక కర్మాగారం నీటిని నేలలోకి వదిలిన నాటి నుంచి, మా బోరు నీళ్లు బిందెలోకి పడుతుంటేనే తియ్యటి మందు వాసన వస్తోంది. గేదెలు తొట్టి దాకా వచ్చి మూతి తిప్పుకుంటున్నాయి. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన జిల్లాకు ఇంకో విషం తోడు కాకూడదని ఈ లేఖ రాస్తున్నాను.

ఆ వాసన కర్మాగారపు ద్రావకాలదేమోనని నా అనుమానం. లోహాల జిడ్డు వదిలించడానికి వాడే ట్రైక్లోరోఇథిలీన్ వంటి క్లోరిన్ ద్రావకాలు నీటికంటే బరువైనవి కనుక, మన గ్రానైట్ పగుళ్లలోకి దిగి, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కరుగుతూనే ఉంటాయి. నీటిని తోడి శుద్ధి చేయడం ఒక్కటే అందుకు చాలదు. ఆక్సిజన్ లేని చోట బతికే డీహాలోకోకాయిడీస్ అనే బ్యాక్టీరియా ఈ ద్రావకాల్లోని క్లోరిన్‌ను ఒక్కొక్కటిగా తొలగించి, చివరకు ఇథిలీన్ అనే విషం కాని వాయువుగా మారుస్తుంది. దానికి కావలసిన హైడ్రోజన్ పుట్టేలా వంటనూనెనో లాక్టేట్‌నో (పెరుగు పులుపులోని ఆమ్లపు లవణం) బోర్ల ద్వారా లోపలికి పంపుతారు.

అయితే పని మధ్యలో ఆగితే క్యాన్సర్ కారకమైన వినైల్ క్లోరైడ్ మిగిలిపోతుంది. అమెరికాలో తాగునీటికి దాని పరిమితి లీటరుకు 2 మైక్రోగ్రాములే. కాబట్టి ముందుగా మా బోర్లలో ఈ ద్రావకాలన్నింటికీ పరీక్షలు చేయించి, అవి తేలితే నిపుణుల చేత రాతి పగుళ్ల దారులు గుర్తింపజేసి, ప్రతి దశలో వినైల్ క్లోరైడ్‌ను కొలిపిస్తూ ఈ పద్ధతిని చేపట్టాలని, అంతవరకు పశువులకు సైతం ట్యాంకరు నీళ్లు ఇప్పించాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక రైతు